పది అడుగులకు అయిదు అతుకులు

బల్ల మీద లాప్‌టాప్ ఉంది. ఎదురుగా ప్రొజెక్టర్ ఉంది. రెంటికీ నడుమ పది అడుగులు. ఆ పది అడుగులు ఒక బొమ్మను దాటించే పని నా మీద పెట్టారు. మా వీధిలో ఆరు మగ్గాలు ఆ బొమ్మ కోసం కాచుకొని ఉన్నాయి. నేను దాటించలేకపోయాను. అంతటితో పోతే ఎవరైనా క్షమించేవారు. ఆ విద్య గుడియాత్తం నుంచి వేలూరు దాకా నాకొక్కడికే తెలుసని ముందుగా ఊరంతా చాటి, ఆ తరువాత దాటించలేకపోయాను. నాలుగేళ్ళయింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట ఆ లాప్‌టాప్ చేసినవాడి మీద, సగం నా మీద.

ముందు వాడి సంగతి తేల్చేస్తాను. వాడు దూరంగా ఉన్నాడు, తిట్టడం తేలిక.

పూర్వం లాప్‌టాప్ అంటే పెళ్ళి సత్రంలా ఉండేదట. చుట్టూ తలుపులే. తెరకు ఒక తలుపు, ప్రింటరుకు ఒకటి, ఇంటర్నెట్టు తీగకు ఒకటి, కెమెరా కార్డుకు ఒకటి. ఎవరి తలుపులోంచి వాళ్ళు వచ్చి, ఎవరి పని వాళ్ళు చేసుకొని పోయేవారు. తరువాత ఎవడో మహానుభావుడికి లాప్‌టాప్ అప్పడంలా పలచగా ఉండాలని బుద్ధి పుట్టింది. తలుపులన్నీ మూసేశాడు. రెండు కన్నాలు మాత్రం వదిలాడు. 'పలచగా ఉంది, తేలిగ్గా ఉంది' అని మనం మురిసిపోయి కొంటాం. మూసేసిన తలుపులన్నిటినీ మళ్ళీ విడివిడిగా అంగట్లో కొని సంచిలో వేసుకొని మోస్తాం. ఇల్లు చిన్నదిగా కట్టి ఇచ్చి, వంటగదినీ పెరటినీ నెత్తిన పెట్టుకొని తిరగమన్నట్టుంది. దీనికి వాళ్ళు పెట్టిన పేరు సౌకర్యం.

ఇక నా సంగతి. దీన్ని తిట్టడం కష్టం, అయినా తప్పదు.

నా పేరు మునిరత్నం. గుడియాత్తంలో పడుగు అతికే పని నాది. తెలియనివాళ్ళకు చెబుతాను. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చే వేళకు కొత్త పడుగు తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. వేలికి బూడిద అద్దుకొని కూర్చుంటే పూట గడిచిపోతుంది. లాగితే ఊడకూడదు, తడిమితే తగలకూడదు. ఈ పనిలో నా వేళ్ళకు మంచి పేరుంది. నూలుతో ఉన్న సుఖం ఏమిటంటే దానికి ముందూ వెనకా లేదు. ఏ కొసను ఏ కొసకైనా అతకవచ్చు. ఇరవై ఏళ్ళు ఈ పని చేసినవాడు లోకంలో ప్రతి కొసా ప్రతి కొసకూ అతుకుతుందనే నమ్ముతాడు. నమ్మాను.

అది మొదటి రోగం. రెండో రోగం లైబ్రరీ. మా వీధిలో అందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బళ్ళో అరవమే చదివాం. తెలుగు అక్షరాలు కూడబలుక్కోకుండా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. లైబ్రరీలో ఒక మూల బీరువాలో మిగిలిన తెలుగు పుస్తకాలు ముందేసుకొని, ఎవరూ చెప్పకుండా నాకు నేనే నేర్చుకున్నాను. అది నిజంగా గొప్ప పనే. ఆ గొప్ప నా తలకు మాత్రం ఎక్కకుండా ఉండవలసింది. ఎక్కింది. అక్షరాలు సొంతంగా నేర్చినవాడికి కంప్యూటరు ఒక లెక్కా అని, అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి కంప్యూటరు పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. మా ఇంట్లో అప్పటికి కంప్యూటరు లేదు. అదొక లోటని నాకు తోచలేదు. ఈత గురించి చదివినవాడు నీళ్ళ కోసం ఎదురుచూస్తాడా?

ఆ పుస్తకంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఒక్కో పనికి ఒక్కో ఆకారపు పోర్టు పెట్టారనీ, తప్పు తీగను తప్పు పోర్టులో దూర్చాలన్నా దూరదనీ, దూరిందంటే సరైనదేననీ దాని సారాంశం. పెళ్ళి సత్రాల కాలంలో అది నిజమే. నేను చదివేనాటికి ఆ సత్రాలు కూలిపోయి చాలా కాలమైంది. పుస్తకం మొదటి పేజీలు ఊడిపోయాయి కాబట్టి అది ఏ కాలం నాటిదో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఇప్పుడు మా చెల్లెలు రేవతి. నాలా గొప్పలు పోయే మనిషి కాదు. లుంగీల మీద గళ్ళు ఎలా పడాలో కంప్యూటరులో గీయడం వేలూరులో ఒక ఏడాది బస్సులో తిరిగి నేర్చుకుంది. ఎవరో వాడి వదిలేసిన పలచటి లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది. ఎడమ పక్కన రెండు టైప్-సీ పోర్టులు, కుడి పక్కన చెవుల్లో పెట్టుకునే తీగకు ఒక కన్నం. అంతే దాని సంపద. బ్యాటరీ ముసలిది, చార్జర్ పీకితే అయిదు నిమిషాల్లో కళ్ళు మూసేది.

ఆ ఏడు మా వీధిలో ఆరు మగ్గాలు ఖాళీగా పడి ఉన్నాయి. మగ్గం దిగినవాళ్ళలో ఇద్దరు అగ్గిపెట్టెల కంపెనీకి పోతున్నారు, ఒకరు జోలార్పేట స్టేషన్లో మూటలు మోస్తున్నారు. అలాంటప్పుడు కొచ్చి నుంచి ఒక పెద్ద లుంగీల వ్యాపారి వేలూరుకు వస్తున్నాడనీ, కొత్త డిజైన్లు ఉన్నవాళ్ళకు తలా పావుగంట ఇస్తాడనీ కబురు వచ్చింది. గుడ్డ ముక్కలు తేవద్దు, కంప్యూటరులో తెచ్చి తెర మీద చూపించండి అన్నారు. రేవతి పద్దెనిమిది డిజైన్లు సిద్ధం చేసింది. వాటిలో ఒకదానికి 'చినుకు' అని పేరు పెట్టుకుంది. ముదురు నీలం మీద సన్నటి గళ్ళు, రెండు గీతలు కలిసేచోట నూలుపోగంత తెల్లటి చుక్క. దూరం నుంచి చూస్తే ఉత్త నీలం గుడ్డ. పెద్దగా చేసి చూస్తే వాన మొదలైన వేళ మట్టి మీద పడ్డ తొలి చినుకుల్లా ఉంటుంది. నేను ఎన్నో పడుగులు అతికాను, అలాంటిది చూడలేదు.

"అన్నా, చినుకు గోడ మీద పెద్దగా పడాల," అంది రేవతి. "చిన్న తెరలో అది కనపడదు. గోడ మీద పడిందంటే ఆయన తీసుకుంటాడు. ఆరు మగ్గాలకీ పని వస్తాది. హాలుకు ఫోన్ చేసినాను. వాళ్ళ ప్రొజెక్టరు పాతదంట, నీలం రంగు తల, సూదులు మూడు వరసలు ఉండే తీగంట. మన దాంట్లో అట్ల బొక్కే లేదు. ఏం కొనాలో అంగట్లో అడిగి..."

"అడిగేదేముంది," అన్నాను. "దాని పేరు వీజీఏ. నేను చదివినాను. నాకు వదిలిపెట్టు."

ఆమె వదిలిపెట్టింది. చదువుకున్న అన్న మీద నమ్మకం. ఆ నమ్మకాన్ని తలచుకున్నప్పుడే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

వేలూరు బజారులో కంప్యూటరు సామాన్లు అమ్మే శెట్టిగారి అంగడికి వెళ్ళాను. మన తెలుగువాళ్ళే. ఆయన ముక్కు చివర కళ్ళజోడు, దాని మీది నుంచి మనిషిని చూసే చూపు. లాప్‌టాప్ తెచ్చావా అని మొదటి మాటే అడిగాడు. తేలేదన్నాను. మోడల్ ఏమిటన్నాడు. వెండి రంగు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాయనా, టైప్-సీ అంటే పైకి అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. కొన్నిట్లో బొమ్మ వస్తాది, కొన్నిట్లో రాదు. కొన్ని సుమ్మా, ఉత్త డేటాకి మాత్రమే. లాప్‌టాప్ ఈడికి తీసుకొనిరా. పెట్టి చూసి, బొమ్మ వస్తేనే కొను."

బంగారం లాంటి మాట. ఈనాడైతే రాయించి గోడకు వేలాడదీసేవాణ్ణి. ఆనాడు నేను ఏమి చేశానంటే, పోర్టుల ఆకారాల మీద ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. దూరిందంటే సరైనదే అనే సూత్రం వివరించాను. అంగట్లో ఉన్న మరో ఇద్దరు కొనేవాళ్ళు కూడా విన్నారు. ఒకాయన తల ఊపాడు. నేను చెప్పింది ఆయనకు నచ్చిందనుకున్నాను. ఆయనకు చెవిలో పాట మోగుతోందని తరువాత తెలిసింది.

శెట్టిగారు ఓపిక గల మనిషి. వేలెడంత తోకతో ఒక చిన్న ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఒక పక్క టైప్-సీ, ఒక పక్క వీజీఏ. లాప్‌టాప్ పోర్టులో బొమ్మ వచ్చేదైతే ఈ ఒక్కటి చాలునన్నాడు. దాన్ని చూస్తే నాకు అవమానంగా తోచింది. మూడుసార్లు లావుపాటి పుస్తకం చదివినవాడు ఇంత చిన్న ముక్క కొంటాడా? దాని వెనుక అద్దాల బీరువాలో ఒక డాక్ మెరుస్తోంది. ఇత్తడి చెంబంత బరువు, ఏడు కన్నాలు, నీలం దీపం. మూసేసిన సత్రం తలుపులన్నీ మళ్ళీ తెరుచుకున్నట్టు ఉంది. అది కావాలన్నాను.

దాంట్లో వీజీఏ లేదు, హెచ్‌డీఎంఐ ఉంది, మీ ప్రొజెక్టరుకు మళ్ళీ ఇంకొక అడాప్టర్ కావాలి అన్నాడు ఆయన. ఇవ్వండి అన్నాను. రెండు పెట్టెలు తీశాడు. చూడటానికి కవల పిల్లలు. ఒకటి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు, ఇంకొకటి వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి.

"ఇది అటు నుంచి ఇటుకి. అది ఇటు నుంచి అటుకి. నీకు కావాల్సింది ఇదప్పా."

"రెండిట్లోనూ అవే రెండు తలలు ఉండాయి కదా. ఎటు నుంచి ఎటైతే ఏమి?" అన్నాను. నూలుకు ముందూ వెనకా లేనట్టే తీగకూ లేదని నా లెక్క. ఆయన చూపించినది కురచగా, పేలవంగా ఉంది. రెండోది గట్టిగా, మంచి పనివాడు చేసినట్టుగా ఉంది. రెండోదే తీసుకున్నాను. అందులో వీజీఏ తలకు సూదులున్నాయి, హాలు తీగ తలకూ సూదులే ఉంటాయి, రెండూ కలవవు అని ఆయన ఆఖరి ప్రయత్నం చేశాడు. ఆకారమే ఆపుతోంది చూడు నాయనా అని చెప్పడమే అది. నా పుస్తకం చెప్పిందీ అదే. కానీ పడుగు అతికేవాడికి రెండు కొసలు కలవడం లేదంటే అర్థం ఒక్కటే, నడుమ ఇంకొక ముక్క కావాలి. రెండు పక్కలా కన్నాలున్న అతుకు ముక్క ఒకటి ఉందా అని అడిగాను. ఉంది. ఆయన ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు ఆయన ముఖంలో కనిపించినది మర్యాద అనుకున్నాను. జాలి అది.

అంటే చూడండి. నేను నమ్మిన సూత్రం ఒక్కటి, దూరిందంటే సరైనదే అని. దూరనని అది మొత్తుకుంటే, దూరేలా చేసే ముక్క కొనుక్కొచ్చాను. మూర్ఖుణ్ణి ఆపడానికి గోడ కడితే నిచ్చెన కొనుక్కొచ్చినట్టు.

ఇంటికి వచ్చాక రేవతి ఒకసారి పెట్టి చూద్దామంది. లాప్‌టాప్‌కు ఉన్న రెండు టైప్-సీ పోర్టుల్లో ఒకదాని పక్కన మెరుపు గుర్తు చిన్నది ఉంది. కరెంటు స్తంభాల మీద పుర్రె బొమ్మ పక్కన ఉండే గుర్తు లాంటిది. దాన్ని చూసి నేను చేయి అడ్డం పెట్టాను.

"దీంట్లో చార్జర్ తప్ప ఏదీ పెట్టొద్దు పాపా. అపాయం. కరెంటు కొడతాది. డాక్ కాలిపోతాది."

"ఇది పుస్తకంలో ఉండాదా అన్నా?"

"ఇది లోకజ్ఞానం," అన్నాను.

గుర్తు లేని పోర్టులో డాక్ పెట్టాను. నీలం దీపం వెలిగింది. డాక్‌కు మౌస్ తగిలిస్తే బాణం కదిలింది. పెన్‌డ్రైవ్ పెడితే తెరుచుకుంది. ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ, దానికి తగిలించడానికి కుదరదు. పక్క వీధిలో పెద్ద టీవీ ఉన్నవాళ్ళింటికి తీసుకుపోదామని రేవతి అడిగింది. అక్కర్లేదన్నాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా కలియబెడతామా, ఒక మెతుకు పట్టుకుంటే తెలియదా అన్నాను. డాక్ అన్నం కుండ కాదు. అందులో ఒక్కో మెతుకు ఒక్కో పొయ్యి మీద ఉడుకుతుంది. మౌస్ మెతుకు ఉడికినంత మాత్రాన బొమ్మ మెతుకు ఉడికినట్టు కాదు. ఈ సామెతను ఎవరైనా సవరించి ఉంటే నా కొంప మునిగేది కాదు.

ఆ రోజు పొద్దున్నే బస్సెక్కాం. నేను కొత్త ప్యాంటు వేసుకున్నాను. వీధిలో జనం వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. మగ్గం ఆగిపోయినవాళ్ళే అందరూ. ఒకాయన రేవతికి నమస్కారం పెట్టాడు. నాకు కాబోలని నేను తిరిగి పెట్టాను.

వేలూరులో ఒక లాడ్జి మేడ మీద హాలు. పొడవాటి బల్ల వెనుక కొచ్చి పెద్దాయన కూర్చున్నాడు. తెల్లటి పంచె, మెత్తటి గొంతు. మోకాళ్ళ నొప్పి, కుర్చీలోంచి లేవలేనని ముందే చెప్పి క్షమించమన్నాడు. ఆయనకు చెరో పక్క ఇద్దరు మనుషులు. బల్లకు ఇవతల మాకు ఒక చిన్న మేజా. మా ముందు వెళ్ళినవాళ్ళు ఏదో తగిలించి, ఏదో నొక్కి, చూపించేసి పోయారు. చాలా మామూలుగా చేశారు. వీళ్ళకు ఇందులో ఉన్న లోతు తెలియదని నేను జాలిపడ్డాను.

మా పావుగంట మొదలైంది. మెరుపు గుర్తున్న పోర్టులో చార్జర్ పెట్టాను, ఎందుకంటే బ్యాటరీ ముసలిది. గుర్తులేని పోర్టులో డాక్. డాక్‌కు హెచ్‌డీఎంఐ తీగ. ఆ తీగ కొసకు గట్టి అడాప్టర్. అడాప్టరుకు అతుకు ముక్క. అతుకు ముక్కకు హాలువాళ్ళ నీలం తల తీగ. అయిదు అతుకులు. అన్నీ దూరాయి. అన్నీ బిగిశాయి. లాగి చూశాను, ఒక్కటీ ఊడలేదు. నా జీవితంలో ఇంత అందమైన అతుకు వేయలేదు. డాక్ మీద నీలం దీపం వెలిగింది. తెర మీద కూడా నీలమే వెలిగింది. సిగ్నల్ లేదు అని.

"వస్తాది," అన్నాను.

రాలేదు. ఒక్కొక్క అతుకూ విప్పి మళ్ళీ వేశాను. తీగను తిప్పి రెండో కొసను పెట్టాను. పెద్దాయన పక్కనున్న మనిషి ఏదైనా సాయం కావాలా అని అరవంలో అడిగాడు. వద్దు, ఇది కొంచెం రాబోయే కాలపు ఏర్పాటు అన్నాను. ప్రొజెక్టరును ఆర్పి వెలిగించాను. అది వేడెక్కడానికి రెండు నిమిషాలు తీసుకొని, వేడెక్కి, సిగ్నల్ లేదని మళ్ళీ చెప్పింది. అరచేతిలో బూడిద లేకపోయినా వేళ్ళు రుద్దుకున్నాను, అలవాటు.

"అన్నా," అంది రేవతి, మెల్లగా. "ఆ మెరుపు దాంట్లో ఒకసారి..."

"అది అపాయం అని చెప్పినా కదా."

"ఆరు మగ్గాలు అన్నా."

"తెలుసు. రోంచేపు ఉండు."

అప్పుడు నాకు ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అపాయం గుర్తున్న పోర్టు నుంచి కరెంటు పొర్లి పక్క పోర్టులోని బొమ్మను పాడుచేస్తోందేమో! చార్జర్ పీకేశాను. మళ్ళీ మొదటి నుంచి అయిదు అతుకులూ విప్పి, ఊది, తుడిచి, వేయడం మొదలుపెట్టాను. నాలుగో అతుకు దగ్గర ఉండగా లాప్‌టాప్ నల్లబడింది. ముసలి బ్యాటరీ చెప్పిన మాట ప్రకారం అయిదు నిమిషాలకు కళ్ళు మూసింది.

రేవతి నా చేతిలోంచి తీగలన్నీ తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. "నువ్వు అట్ల పోయి కూర్చో అన్నా," అంది. అంతకన్నా ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గోడవారగా ఉన్న కుర్చీలో పోయి కూర్చున్నాను. నా చేతిలో డాక్ ఒకటి మిగిలింది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను, ఖాళీ చెంబులా.

ఆమె చార్జర్ పెట్టి, లాప్‌టాప్ లేచేదాకా నిలబడి, దాన్ని రెండు చేతులతో ఎత్తి పెద్దాయన వైపు తిప్పి బల్ల చివర పెట్టింది. అప్పటికి మిగిలింది మూడు నిమిషాలు. బల్ల పొడవు ఎక్కువ, తెర చిన్నది, ఆయన లేవలేడు. ఆమె గబగబా డిజైన్లు తిప్పింది. ఆయన కళ్ళు చికిలించి చూశాడు. చినుకు వచ్చింది. ఆయనకు అక్కడ కనబడింది ఉత్త నీలం గుడ్డ. ఆమె దాన్ని పెద్దది చేసి చూపించబోయేలోపు ఆయన మర్యాదగా తల ఊపి తరువాతిది అన్నాడు. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తరువాతిది చూపించింది. ఆయన దానికీ తల ఊపాడు.

ఆఖరుకు అన్నీ అయిపోయి ఆమె మూసేయబోతుంటే తెర మీద ఒకటి నిలిచింది. జానెడు జానెడు గళ్ళు. ఎరుపు, చిలకపచ్చ, పసుపు, మధ్యలో ఊదా. అది డిజైను కాదు. ప్రొజెక్టరులో రంగులు సరిగ్గా పడుతున్నాయా లేదా అని ముందుగా చూసుకోవడానికి ఆమె గీసిపెట్టుకున్న రంగుల పలక. నేను వీధి చివర నిలబడినా కనిపించేంత పెద్ద గళ్ళు.

పెద్దాయన ముందుకు వంగాడు. ఆ రోజు మొదటిసారి.

"ఇది. ఇది చాలా బాగుంది," అన్నాడు అరవంలో. "స్పష్టంగా ఉంది. ఎవరు వేశారు?"

రేవతి నోరు తెరిచింది. అది డిజైను కాదని చెబితే చేతిలో ఏమీ మిగలదు. నాకు ఆమె ముఖం పక్క నుంచి కనబడుతోంది. తరువాత చేయి చాచి గోడవారగా కూర్చున్న నన్ను చూపించింది.

"మా అన్న వేసినాడు సార్. మునిరత్నం అని."

అంత జరిగినా చెల్లెలు నా పరువు కాపాడిందని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి, డాక్‌తో సహా చేతులు జోడించాను.

బస్సు కాట్పాడి దాటింది. రేవతి కిటికీలోంచి బయటకు చూస్తూనే అంది: "తెలవదు అని ఒక్క మాట అనింటే, ఈ పొద్దు చినుకు నేసేవాళ్ళం అన్నా." నేను ప్రొజెక్టరు పాతది అన్నాను.

తప్పు నాది కాదని తేల్చాలి కదా. వారం తరువాత లాప్‌టాప్, డాక్, అడాప్టర్, అతుకు ముక్క అన్నీ మూటగట్టుకొని శెట్టిగారి అంగడికి పోయాను, చెడిపోయిన సరుకు అంటగట్టావని నిలదీయడానికి. బల్ల మీద అయిదు అతుకుల హారం పరిచి, గొంతు పెంచి, ఆకారాల సూత్రంతో మొదలుపెట్టాను. ఆయన సగం వరకు విన్నాడు. లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. ఆనాడు నేను తోసేసిన ఆ వేలెడంత ముక్క తీసి, మెరుపు గుర్తున్న పోర్టులో పెట్టి, అంగట్లో ఉన్న పాత తెరకు తగిలించాడు. నేను వాక్యం పూర్తి చేయకముందే తెర నిండా చినుకు పడింది. ప్రతి చుక్కా కనబడింది.

"ఈ మెరుపు గుర్తు దాంట్లో పెట్టినావా నాయనా?" అని అడిగాడు.

"అది అపాయం గుర్తు కదా."

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఈ లాప్‌టాప్‌లో బొమ్మ వచ్చేది దీంట్లో ఒక్కదాంట్లోనే. చార్జర్ దీంట్లో పెట్టేస్తే బొమ్మకు దోవ యాడుండాది? నీ డాక్‌కు వెనక చార్జర్ పెట్టేదానికి వేరే బొక్క ఉండాది చూడు. చార్జర్ డాక్‌కి, డాక్ దీనికి. అప్పుడు రెండూ వస్తాయి. అప్పురం ఇంక నీ అడాప్టర్... అది తెరలోంచి లాప్‌టాప్‌కు పోయేదప్పా. ప్రొజెక్టరు బొమ్మను లాప్‌టాప్‌లోకి తోయాలని చూసినావు నువ్వు."

రెండు తప్పులు, ఒకదాని మీద ఒకటి. ఒకటి దిద్దుకున్నా రెండోది నన్ను పట్టుకునేది. అంత శ్రద్ధగా తప్పు చేయడం అందరివల్లా కాదు. నాకు వచ్చిన కోపానికి ఆ బల్ల విరగ్గొట్టాలనిపించింది, ఎవరిదని విరగ్గొట్టను? నాలుగు రకాలుగా పనిచేసే కన్నాలను ఒకే అచ్చులో పోసి, ఆవగింజంత గుర్తు పెట్టి ఊరుకున్నవాడు అక్కడ లేడు. నేను మాత్రం అక్కడే ఉన్నాను. తెర మీద చినుకు కూడా ఉంది. అంగట్లో కొనడానికి వచ్చిన ఒకామె దాన్ని చూసి, ఈ గుడ్డ ఎక్కడ దొరుకుతుంది అని అడిగింది. ఎక్కడా దొరకదు అని చెప్పాను.

నెల తిరగకముందే ఆర్డరు కాగితం వచ్చింది. ఆరు మగ్గాలకూ పని. వీధిలో సంబరం. రేవతి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. డిజైను పేరు ఉండవలసిన చోట 'మునిరత్నం' అని ఉంది. అప్పుడు కానీ ఆమె ఆనాడు చేయి చాచి చూపించింది నా పరువు కాపాడటానికి కాదని నాకు వెలగలేదు. అలాంటిదాని కింద తన పేరు పడకూడదని చూపించింది.

ఆ దరిద్రపు గళ్ళు కొచ్చిలో బాగా అమ్ముడుపోయాయట. మళ్ళీ ఆర్డరు వచ్చింది, మళ్ళీ వచ్చింది. స్టేషన్లో మూటలు మోసేవాడు మగ్గం దగ్గరికి తిరిగి వచ్చాడు, అదొక్కటి నాకు సంతోషం. కానీ నాలుగేళ్ళుగా మా వీధిలో వినబడే మాటలు చూడండి. "ఈ పొద్దు మునిరత్నం ఎన్ని గజాలైంది?" "మునిరత్నం చూసి చూసి కండ్లు మంట." "మునిరత్నం తెగింది, అతకను రా." అతకడానికి నేనే పోవాలి. నా పేరు మీద కూర్చొని, ఎరుపు పోగుకు ఎరుపు, చిలకపచ్చకు చిలకపచ్చ, వేలికి బూడిద అద్దుకొని అతుకుతాను. ప్రతి పోగుకూ ఒకసారి ఆ లాప్‌టాప్ చేసినవాణ్ణి తిడతాను, ఒకసారి నన్ను.

కాబట్టి చదువరుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఆకారం చూసి ఇకమీద ఏ పోర్టునూ నమ్మను. అంగడికి లాప్‌టాప్ మోసుకుపోకుండా వేలెడంత అడాప్టరైనా కొనను. దూరనని మొరాయించినదాన్ని దూర్చే ముక్క వెతకను. డాక్‌లో మౌస్ కదిలిందని బొమ్మ వస్తుందని ఊళ్ళో చెప్పను. ఎవరైనా ఏదైనా అడిగితే ముందుగా 'తెలవదు' అంటాను, తరువాతే తెలుసుకుంటాను. ఇది నా వేళ్ళ మీద ఒట్టు.

రాసినదంతా రేవతికి చదివి వినిపించాను. ఆమె నూలు చిక్కు తీస్తూ ఆఖరిదాకా వింది.

"బాగుండాది అన్నా," అంది. "కింద నీ పేరు మాత్రం రాయొద్దు. ఆర్డరు అనుకొని ఎవరైనా నేసేస్తారు."